మూడు స్వెట్టర్ల సలహా

బావగారికి,

చలిలో సైకిల్ తొక్కడానికి మీరు చెప్పినట్టే మూడు స్వెట్టర్లు, దిండ్లలాంటి గ్లౌజులు తొడుక్కుని మన ఆఫీసుకు బయలుదేరాను. సగం దారికే చెమటతో తడిసి ముద్దయ్యాను. ఆ తడికి చలిగాలి తగిలేసరికి పళ్లు టకటకలాడాయి.

"పైన గాలి దూరని పల్చటి కోటొకటి చాలురా. బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తేనే సరిగ్గా వేసుకున్నట్టు," అంది అక్క. పదేళ్లుగా బడికి సైకిల్ మీదే వెళ్తున్న టీచరమ్మ మీ ఇంట్లోనే ఉండగా, హీటర్ వేసుకుని కారులో తిరిగే మిమ్మల్ని అడిగాను. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

అన్నట్టు, మీ కారు వెనక తలుపు సొట్ట ఎలా పడిందని వాచ్‌మన్‌ని నిలదీస్తున్నారట. పాపం, అతన్ని వదిలేయండి. ఆఫీసు గేటు దగ్గర ఆ గ్లౌజులతో బ్రేకు నొక్కలేకపోయాను.

మీ మాట జవదాటని
బావమరిది