మెమరీ నిండితే జబ్బు కాదు

చిన్నా,

చివరి రోజు పొద్దున మీ అక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో టైపు చేసింది. మధ్యాహ్నం ఆయాసం వచ్చింది. సాయంత్రం ఆసుపత్రిలో కన్నుమూసింది.

మొన్న ఆ మిషన్ నెమ్మదించిందని చెబితే, "మెమరీ నిండిపోయింది బావా, నేను పంపిన క్లీనర్ నొక్కు. అన్నీ మూసేస్తుంది, ఇక గుర్రంలా పరిగెడుతుంది!" అన్నావు. మెమరీ నిండితే జబ్బు కాదురా. ఖాళీగా ఉంచితే అది ఎవరికీ పనికిరాదు.

పైగా ఆ క్లీనర్ మూసేసే వాటిలో మీ అక్క సేవ్ చేయని ఉత్తరం ఒకటి ఉంది. "ఏవండీ" అని మొదలైంది. నేను ఆ మాట దాటి చదవలేదు. సేవ్ చేస్తే తను ఇక రాయదని ఒప్పుకున్నట్టే అనిపించి, నలభై రోజులుగా మిషన్ ఆపలేదు.

నిన్న కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి బ్యాటరీ రెండు శాతమే మిగిలింది.

రేపు పొద్దున సేవ్ చేసి, చివరిదాకా చదివి, మిషన్ ఆపుతాను.

మీ బావ