అరవై రోజుల గడువు

జూన్ 9, మంగళవారం

బాలల సంక్షేమ సమితి నుంచి ఫోన్. నా దగ్గర పెరుగుతున్న పాప బండికి మేనమామ దొరికాడట. పేరు ఆయతు, ఊరు బాసగూడ. ఎల్లుండి దంతెవాడ రమ్మన్నారు.

తల్లీ తండ్రీ జ్వరంతో పోయాక, ఎవరూ లేరని అప్పటికి ఆరేళ్ల బండిని పెంచమని నాకు ఫాస్టర్ కేర్‌లో ఇచ్చారు. ఇంకొన్ని రోజుల్లో రెండేళ్లు నిండుతాయి. నిండితే దత్తతకు అడగవచ్చు. ఫారాలన్నీ నింపి పెట్టుకున్నాను.

అమ్మ ఒకటే అంది, రక్తసంబంధం ఉన్నోడొస్తే మనమెవులమే అని.

జూన్ 11

ఆయతు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. ఏటా మిరపకోతలకు భద్రాచలం వైపు వెళ్తాడు కనుక తెలుగు వచ్చు. కోతల నుంచి తిరిగొచ్చేసరికి చెల్లెలు లేదు, పిల్లను సర్కారోళ్లు తీసుకుపోయారన్నారట. 'ఏ ఆఫీసుల అడగాల్నో తెల్వలే' అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవాలనుకున్నాను. రాలేదు.

సమితి మేడమ్ రెండుసార్లు విడమరిచి చెప్పింది. మొదటి హక్కు కుటుంబానిదే. పెంచే స్తోమత లేదంటే నెలనెలా స్పాన్సర్‌షిప్ డబ్బు ఇప్పిస్తాం. వదులుకుంటే రాసివ్వాలి. రాసిచ్చాక కూడా మనసు మార్చుకోవడానికి అరవై రోజులు.

బండి నా వెనక దాక్కుంది. ఆయతు చాలాసేపు చూశాడు. 'నన్ను జూసి భయపడ్డది. దాని మనసు నీ కాడుంది' అని వదులుకునే కాగితం మీద వేలిముద్ర వేశాడు.

జూన్ 12

ఆగస్టు పది దాకా.

జూన్ 29

బళ్లో నా క్లాసు అటెండెన్స్ తీస్తూ బండి పేరు పిలిచాను. బండి నా క్లాసే కాదు.

జూలై 5, ఆదివారం

అన్నం తింటూ బండి అడిగింది, వాళ్లమ్మను పాతిపెట్టిన చోటు మామకు తెలుసా అని. తల్లి గురించి రెండేళ్లలో ఇదే మొదటి మాట.

సమితికి ఫోన్ చేసి బాసగూడ తీసుకెళ్లడానికి పర్మిషన్ అడిగాను. గడువు నడుస్తుండగా మీరే తీసుకెళ్తారా అంది మేడమ్. అవునన్నాను. అమ్మ నాకు మతి పోయిందని తిట్టింది.

జూలై 12, బాసగూడ

మధ్యాహ్నానికి బండి మామ పిల్లలతో పరుగులు. నోటి నిండా గోండి. నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఆ నవ్వు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. మంచం మీద కూర్చుని, బ్యాగులోని దాని బట్టలు ఇక్కడే వదిలేసి పోవాల్సి వస్తుందేమో అనుకున్నాను.

సాయంత్రం ఆయతు బండికి వాళ్లమ్మ సమాధి రాయి చూపించాడు. బండి బియ్యం గింజలు పెట్టింది. నేను దూరంగా నిలబడ్డాను. తర్వాత అతనే వచ్చి చెప్పాడు. 'ఉంటవా బిడ్డా అనడిగిన. సెలవులకొస్త, నా ఇల్లు ఆడ అన్నది.'

ఇంకో మాట అడిగాడు, మా భాష మర్చిపోనియ్యకు అని. నేనూ నేర్చుకుంటానన్నాను. నీకు నోరు తిరగదని నవ్వాడు.

ఆగస్టు 10

ఐదు దాటింది. సమితి ఆఫీసు మూసేసి ఉంటారు. ఫోన్ రాలేదు.

అక్టోబర్ 15

కలెక్టరేట్. ఐదేళ్లు దాటిన పిల్ల కనుక తన సమ్మతి కూడా కావాలి. ఈమె నీకు అమ్మగా ఉండాలా అని ఆఫీసర్ అడిగారు. బండి ఆలోచించి, 'మా అమ్మ చనిపోయింది. ఈమెతో ఉంటా' అంది. ఆయన అదే రాసుకున్నారు. నాకు చాలు.

ఆర్డర్ మీద సంతకమైంది. పేరు మార్చమని అమ్మ గొడవ, బళ్లో తెలుగు పిల్లలు నవ్వుతారట. మార్చలేదు.

నవంబర్ 3

టీవీ కట్టేశానని బండి తలుపు ధడాలున వేసుకుంది. నీతో మాట్లాడను పో అంది. ఇన్నాళ్లూ ఏం చెప్పినా తలూపిన పిల్ల.

తలుపు బయట కూర్చుని రాస్తున్నాను. ఇంకా తియ్యలేదు. తొందరేం లేదు.