మిగిలిన చిప్ప

కాశిబుగ్గ,
శనివారం

తమ్ముడు శ్యాంసుందర్‌కు,

మీ అక్క దీవెనలు. ఈ మాట ఫోన్లో ఎత్తుకుంటే నవ్వించి దాటవేస్తావు. అందుకే కాగితం పట్టాను.

రిలీజుకు ముందే మన వాడకట్టు వాళ్ళందరినీ పిలిచి నీ సినిమా చూపించావు. సంతోషం. అందులో అక్క, తమ్ముడు పది పాసైతే కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంటుంది. వాడు లెక్కల్లో తప్పుతాడు. ఆమె కాయ కొట్టి, ఒక చిప్ప దేవుడి ముందు పెట్టి, రెండోది కొంగు చాటున దాచి, "లెక్కలు గూడ పాస్ చేయించినంక మిగిలింది ఇస్త స్వామీ" అంటుంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే తెలిసింది, ఆమె నేనేనని.

నేను ఆటకు చేయలేదురా. అమ్మ లేని ఇంట్లో నిన్ను గట్టెక్కించడానికి నాకు ఆ దేవుడొక్కడే దిక్కు. ఆయనతో చాటుగా అన్న మాట నువ్వు పదిమందిలో పెట్టావు. నా పక్కన కూర్చున్న ఎదురింటి సమ్మమ్మ కళ్ళు కూడా ఒత్తుకుంది. నా మీద జాలిపడినట్టుంది. మరునాడు దీపం పెడితే దేవుడు కనబడలేదు, ఆ హాలే కనబడింది.

ఆ సీను తీసెయ్యి. ఇంకేమీ అడగను.

నీ అక్క,
సరోజన


కాశిబుగ్గ,
శుక్రవారం

శ్యాం,

నీ జవాబు చదివాను. ముసలివాళ్ళూ కాలేజీ పిల్లలూ కలిసి నవ్వింది ఆ ఒక్కచోటేనని, అయినా నా మాట దాటనని, కోసేస్తానని రాశావు. కోయకు. నువ్వు ఫోను ఎత్తడం లేదు. మా అమ్మాయి నవనీత ఈ కాగితాన్ని ఫొటో తీసి పంపుతుంది.

నిన్న గడపలో బియ్యం ఏరుతుంటే సమ్మమ్మ వచ్చి కూర్చుంది.

"సరోజనా, నా ముచ్చట నీ తమ్మునికి ఎవలు చెప్పిండ్లు?"

"ఏ ముచ్చట?"

"కొబ్బరిచిప్ప ముచ్చట. మా ఆయన తాగుడు మానితే ఆయన ఎత్తు బెల్లం ఇస్తనని సమ్మక్కకు మొక్కిన. శనివారాలే మానిండు. అందుకని మా చిన్నపిల్లగాని ఎత్తు తూచిచ్చిన. ఇప్పుడు ఆయనే లేకపాయె. పూరా ఇస్తే ఉండేటోడేమో అని సినిమాల ఏడుపొచ్చింది."

అప్పుడే అటుగా పోతున్న మగ్గాల నర్సయ్య ఆ మాట విని ఆగాడు.

"గది నీది కాదు వదినె, నాది. పవర్‌లూమ్ మంచిగ నడిస్తే తలనీలాలిస్తనని కొమురెల్లి మల్లన్నకు మొక్కిన. నడిచింది గని చెవులు పగిలేటట్టు ఒకటే లొల్లి. మీసాలిచ్చి వచ్చిన."

"గంత పెద్ద మీసాల మల్లన్నకు నీ మీసాలు తక్కువైనయా?" అంది సమ్మమ్మ.

లోపలి నుంచి నవనీత వచ్చింది. "మీరిద్దరు ఆగుండ్లి. ఎంసెట్‌ల ర్యాంకు రావాలని నెలరోజులు ఫోన్ ముట్టనని నేను మొక్కిన. ర్యాంకు జర దూరం వచ్చింది. పొద్దున పూట మాత్రమే ముట్టలే."

నా కడుపున పుట్టిన పిల్ల. నాకు తెలియనే తెలియదు.

ముగ్గురూ నాదంటే నాదని వాదులాడుకుంటున్నారు. నా పేరు ఒక్కరూ ఎత్తలేదు. అది చాలునని ఊరుకోవాల్సింది. నాకేమైందో, "అది నా ముచ్చట" అన్నాను.

"నువ్వు ఊకో సరోజనా," అంది సమ్మమ్మ. "నీ అసొంటి నిష్ఠ గల మనిషి దేవునితోని బేరమాడుతదా?"

నర్సయ్య కూడా తలూపాడు.

ఈ పొద్దున దీపం పెడితే ఆ హాలు కనబడలేదు. వాడకట్టంతా నా వెనకే కూర్చున్నట్టుంది, తలా ఒక సగం మొక్కుతో. ఆ స్వామికి మేమందరం పాత బేరగాళ్ళమే.

సీను ఉంచు. సినిమా ఎవరి కోసమని మీ నిర్మాత అడుగుతున్నాడన్నావు కదా, ఆయన్ని ఒకసారి ఇటు పంపు.

కానీ సినిమా చివర నా పేరు వెయ్యి. నర్సయ్య సినిమా ఫంక్షన్‌లో తనను స్టేజి మీదికి పిలుస్తారని అప్పుడే కొత్త ధోవతి మగ్గం మీదికి ఎక్కించాడు.

అక్క,
సరోజన