నా సీటు తీయించిన నాయనకు

నాయనా, నేను క్షేమం, కానీ నీ మీద చాలా కోపంగా ఉన్నాను. ఫోన్లో అయితే అరిచేస్తానని కార్డు రాస్తున్నాను.

షావుకార్లు వాటాలు వేసుకుని కొన్న విమానాలను మా కంపెనీ నడుపుతుందని నీకు తెలుసు. ఇప్పుడు పాతవన్నీ అమ్మేసి కొత్తవి తెస్తున్నారు. వాటి మీద ట్రైనింగ్ దొరికిన పైలట్లకే ఇక ఉద్యోగం. నిన్న చూస్తే ఆ ట్రైనింగులో నాకు సీటు లేదు. మా మేనేజరు, ఆ కదిరి లక్ష్మన్న గారిని నిలదీశాను.

"మీ నాయనే ఫోన్ చేసినాడు కదమ్మా. 'నాకు భయమైతాండాది, పాపకు ఆఫీసులో కూర్చునే పని ఇయ్యండి' అన్నాడు" అన్నాడాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆరేండ్లుగా విమానం నడుపుతాండేది నేను సార్, మా నాయన కాదు. మన పైలట్ కిరణ్ వాళ్ల నాయన అడిగింటే కిరణ్ సీటు తీసేస్తాంటిరా?" అన్నాను. నా పేరు మళ్లీ చేర్చేదాకా ఆ గదిలోంచి నేను కదల్లేదు. సోమవారం నుంచి ట్రైనింగ్.

బోరులో నీళ్లు వస్తున్నాయా? శనక్కాయ విత్తారా? అమ్మ మోకాలికి ధర్మవరం డాక్టరు ఏమన్నాడు? నా గదిలో ఉండే గౌతమి బత్తలపల్లె నుంచి వచ్చేటప్పుడు రోట్లో నూరిన ఊరిమిండి, చట్నీపొడి ఇచ్చి పంపండి.

అమ్మకు నమస్కారాలు. నీ భయమేదో నాకు చెప్పు నాయనా, ఎంతసేపైనా వింటాను. నా పైవాళ్లకు చెప్పకు.

నీ దీవెన కోరే,
ప్రసూన