బోల్టు బిగించిన ట్యాంకును ఎవరికీ రాయను

లాడ్జి దుప్పట్లు ఉతికే ఇంటి కోడలిని, ఇరవై నాలుగేళ్లదాన్ని, ఆరో తరగతితో బడి మానేసినదాన్ని అయిన నేను, ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరూ చెప్పి రాయించకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఈ వయసులో వీలునామా ఏమిటని అడిగేవాళ్లు మా పెరట్లో రేకుల షెడ్డులోకి వెళ్లి, ఆ ట్యాంకు పక్కన ఒక్క పూట నిలబడి చూడాలి.

1. దీన్ని అమలు చేసే బాధ్యత మా ఆడపడుచుది. నాకు నలుగురిలో నోరు పెగలదు. ఆమె గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తుంది.

2. ముందుగా ట్యాంకు గురించి నిజం రాస్తున్నాను. కూల్చేస్తున్న లాడ్జి నుంచి ఆ పాత గీజరును తెచ్చింది మా ఆయనే. దాన్ని నీళ్లు మరిగించే ట్యాంకుగా మార్చవచ్చని చెప్పింది మాత్రం నేను. మా నాన్న ప్లంబరు. ఆయన సంచి మోస్తూ పెరిగాను. "పైకప్పు కోసేసి, ఊరికే మూత పెట్టండి. అప్పుడది పెద్ద డేగిసా. మూసి మరిగిస్తే బాంబే" అన్నాను, అదీ వంటింట్లో, నెమ్మదిగా. "ఆరో క్లాసు ఇంజినీరుగారూ, ముందు కూర మాడకుండా చూడండి" అన్నారు మా ఆయన. పైకప్పు కోయలేదు. నీళ్లు వేడెక్కగానే కరెంటు ఆపేసే థర్మోస్టాట్‌ను పీకేశారు. నీళ్లు మరిగాయి. వీధంతా ఆయన్నే ఇంజినీరు అంది. ఆయన కాదనలేదు.

3. ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వు బుస్సుమంటోందని, వేడి వృథా అవుతోందని, పోయిన నెల దాని మూతికి బోల్టు బిగించారు. ఆ వారమే ట్యాంకు పొట్ట ఉబ్బింది. చల్లారాక తడిమి చూశాను. ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్లకంటే ముందు ఆవిరి తన్నుకొస్తోంది. నా ఎడమ మణికట్టు మీద మచ్చ దానిదే. "చెయ్యి అడ్డం పెట్టావేం?" అన్నారు. చెయ్యి పెట్టకుండా కుళాయి ఎలా తిప్పాలో ఆ ఇంజినీరుగారే చెప్పాలి. ఆయన స్విచ్చి వేసి లాడ్జి నుంచి దుప్పట్ల మూటలు తేవడానికి వెళ్లిపోతారు. మధ్యాహ్నం దాకా దాని పక్కన నిలబడేది నేను.

4. కాబట్టి ఆ ట్యాంకును ఎవరికీ రాయను. ఎవరి పేరన రాస్తే వాళ్ల చావు రాసినట్టే. పైకప్పు కోశాకే అది దాని దగ్గర పనిచేసే మనిషికి చెందుతుంది.

5. మా నాన్న పైపు రెంచి, నా తర్వాత ఈ ఇంటికి కోడలిగా వచ్చే అమ్మాయికి. నువ్వెవరో తెలియదమ్మా, నీ మీద నాకు కోపం లేదు. ట్యాంకు పూర్తిగా చల్లారాక దీంతో ఆ బోల్టు విప్పు. నేను రెండుసార్లు విప్పాను. రెండుసార్లూ ఆయన మళ్లీ బిగించి "ఎవరి పనిది?" అని అరిచారు. నేను నోరెత్తలేదు. ఆ తప్పు నువ్వు చెయ్యకు. నేనే విప్పానని చెప్పు.

6. మా అత్తగారికి నా ఉన్ని శాలువా రాద్దామనుకున్నాను. ఆవిడ దీనికి సాక్షి, సాక్షులకు ఏమీ రాయకూడదని ఎదురింటి టైలరన్నయ్య చెప్పాడు. అందుకే ఇవాళే కప్పేశాను.

7. మా ఆయనకు ఆ బోల్టు రాస్తున్నాను. జేబులో పెట్టుకు తిరగాలి. మీ ఆవిడ ఎలా పోయిందని ఎవరడిగినా తీసి చూపించాలి. కరెంటు మీదకో, నా ఖర్మ మీదకో నెట్టకూడదు.

8. వీలునామాను మనిషి పోయాక చదువుతారట. అప్పుడు చదివితే నాకేం ఒరుగుతుంది? దీన్ని రేపు ఉదయం, ఆయన స్విచ్చి వేయకముందే, నేను ఎదురుగా ఉండగా, మా ఆడపడుచు మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవాలి. నేను తల దించుకున్నా సరే, ఆపకూడదు. ఆయన బోల్టు తీసి, పైకప్పు కోయిస్తే ఈ కాగితం చించేయవచ్చు. తీయనంటే నేను షెడ్డులో అడుగు పెట్టను. లాడ్జి దుప్పట్లు మరకలతోనే తిరిగి వెళ్తాయి.

తేదీ: ఆరో నెల, పదకొండో తారీకు, మంగళవారం సాయంత్రం

సంతకం: దుప్పట్లు ఉతికే ఇంటి కోడలు

సాక్షులు:

1. ఎదురింటి టైలరు. మొత్తం చదివి సంతకం చేశాను.

2. అత్తగారు, ఎడమ బొటనవేలి ముద్ర. ఆమె చెప్పగా టైలరు రాసినది: "అంతా విన్నాను. రేపు స్విచ్చి కింద కుర్చీ వేసుకుని నేను కూర్చుంటా. నన్ను దాటి వాడి చెయ్యి ఎలా పడుతుందో చూస్తా."