అమ్మ బీరువా తలుపు

చిట్టితల్లీ,

ఉత్తరం చూసి గిటారు పూర్తయిందనుకుంటావేమో. కాలేదు. పోయిన అమ్మ గుర్తుగా దాంతో గిటారు చేయించుకుని వాయించుకుంటానని నమ్మి ఇచ్చావే, ఆ బీరువా తలుపుని నిన్న నేనే పాడుచేశాను. తప్పు మిషన్ మీదికి నెట్టి రాసిన మొదటి కాగితం చించేశాను.

డ్రిల్లింగ్ మిషన్‌కి చిత్రిక చక్రం బిగించి, దాని కింద చెక్కని ఆపకుండా తోస్తే పైపొర సమంగా లేచిపోతుంది. ఆగితే ఆగిన చోట గుంట. ఈ సంగతి నా కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ బోధించే పెద్దమనిషిని నేనే. చెక్క కావలసినంత పలచనయ్యే వేళకి పక్క కొట్టు టైలరు వచ్చి, "ఎక్కడిది గురూ ఇంత పాత చెక్క?" అన్నాడు. అడిగినవాడికి లేదనకుండా చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. చిన్నప్పుడు మీ అమ్మ ఆ బీరువాలో దాక్కుని, మేమంతా వెతికి ఏడుస్తుంటే లోపల హాయిగా నిద్రపోయిన కథ ఎత్తుకున్నాను. కథ రక్తికట్టింది, చెయ్యి ఆగింది.

గిటారు మధ్యలో గుండ్రటి కన్నం కోసి తీసేసే చోట గుంట పడుంటే నోరు మూసుకుని ఊరుకునేవాణ్ణి. తీగలు లాగిపట్టే చోట పడింది. అక్కడ అతుకు నిలవదు.

ఇక రెండో తలుపే దిక్కు. దాని అద్దంలోనే మీ నాన్న రోజూ తల దువ్వుకుంటాడని తెలుసు. బావని నేనే అడుగుతాను, అద్దం విప్పి గోడకి నేనే బిగిస్తాను. నువ్వు మాత్రం వచ్చి మిషన్ పక్కన నిలబడు. నేను నోరు తెరిస్తే స్విచ్ కట్టెయ్యి. మీ అమ్మ కథయినా సరే.

మీ మావయ్య