పైడమ్మ నడుముకి కట్టిన బెల్టు

జూన్ 3
అక్షరాలు వంకర, తప్పులూ ఉంటాయి. కాగితమా, ఏమీ అనుకోకు. అయిదో క్లాసుతో బడి ఆపీసేను.
వేట పడవలో జారి కుడి మోకాలు దెబ్బతిని నాలుగు నెలలు. ఈరోజు ఆసుపత్రిలో కసరత్తు చేయించే మేడమ్ నా నడుముకి ఒక బెల్టు, చీలమండలకి రెండు పట్టీలు కట్టింది. వాటికి అగ్గిపెట్టెంత డబ్బీలు. నడకంతా అవే రాసుకుంటాయట. “ఏడు రోజులు అంకుల్, స్నానానికి తప్ప తీయొద్దు. నడక బాగుంటే పడవెక్కొచ్చు.”

జూన్ 4
టీ కొట్టు దగ్గర అందరూ చూసేరు. “ఏం భయ్యా, పోలీసులు కట్టేరా?” టీ తాగకుండానే వచ్చీసేను.

జూన్ 5
కుంటు తగ్గలేదు. ఇది చూస్తే మేడమ్ పడవ ఎక్కనిస్తుందా...
మా ఇంటిది పైడమ్మ, చేపల తట్టతో జంగ్లీఘాట్ రేవు నుంచి గోల్ ఘర్ వీధుల దాకా రోజూ నడుస్తుంది. చీర కింద ఈ డబ్బీలు ఎవరికీ కనబడవు. నా బదులు కట్టుకుంటావా అని అడిగేను.
“ఆవుకి గంట కడతావేటి?” నవ్వింది. కట్టించుకుంది.

జూన్ 7
వాన. ఇంట్లోనే ఉన్నాను. ఎవరూ ఏమీ అడగలేదు.

జూన్ 10
డబ్బీలు తిరిగి ఇచ్చీసేను.

జూన్ 12
మేడమ్ కంప్యూటర్లో గీతలు చూపించింది. మొదటి రెండు రోజులూ కుడి కాలు కుంటు. ఆ తర్వాత కుంటు లేదు. “కానీ అంకుల్, ఎడమ పాదం ఈడుస్తున్నారు. సాయంత్రానికి అడుగు సగమైపోతోంది, తూలుతున్నారు. ఇది మోకాలి పని కాదు. నరాల డాక్టరుకి చూపించండి, ఆలస్యం వద్దు.” చీటీ రాసిచ్చింది. నడవమంది. నడిచేను. నా ఎడమ కాలు బాగానే ఉంది. “మిషన్ తప్పేమో...” అంది.
చీటీ జేబులో కుక్కుకుని వచ్చీసేను. సిగ్గు.

జూన్ 13
పెళ్లయిన నాటి నుంచీ నేను ముందు, పైడమ్మ వెనక. ఈరోజు నేను వెనక నడిచేను.
“ఏటీ, ముందు నడు.”
“మోకాలు...” అన్నాను.
పైడమ్మ ఎడమ చెప్పు ముందు వైపంతా అరిగిపోయింది. బొటనవేలు నేలకి రాసుకుంటోంది. ఎన్నాళ్లయింది అని అడిగేను.
“ఏడాదిగా తిమ్మిరి. మొదట నీ వేట, తర్వాత నీ కాలు గొడవ, నాదెవడు వింటాడు.” తిట్టలేదు. మామూలుగానే అంది.
చూడలేదు నేను. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

జూన్ 14
డాక్టరు దగ్గరకి పద అన్నాను. “చీటీ నీ పేరున ఉంది, నేనెందుకు?”
మేడమ్‌కి చెబుదామని వెళ్లేను. ఆసుపత్రి గేటు దాకా. తిరిగొచ్చీసేను.

జూన్ 15
నోటితో నావల్ల కాదు. ఈ కాగితం పుస్తకంలోంచి చింపి రేపు ఇస్తాను —
మేడమ్ గారూ, ఆ అయిదు రోజుల నడక నాది కాదు. పైడమ్మది. మిషన్ తప్పు లేదు. నన్ను పడవ ఎక్కనివ్వకపోయినా సరే. చీటీ పైడమ్మ పేరున రాయండి.
మీ ఊరు రంగత్, ఈ దీవుల్లోనే హిందీ బడిలో చదివేరు, తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదన్నారు. ఎవరిచేతనైనా చదివించుకోండి. తొందరగా జవాబు చెప్పండి. పైడమ్మ రేపూ తట్ట ఎత్తుతానంటోంది.